క్లచ్ ప్లేటు విప్పే ముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాకు మీద క్లచ్ వేడెక్కి మొరాయించిందని, హన్మకొండ రాగానే సెట్టు మొత్తం మార్పిస్తానని రాశావు. తొందరపడకు. అంత డబ్బు పోసేముందు వేడి ఎక్కడ పుట్టిందో తేలాలి.

ఆ సమయంలో పెడల్ ఎలా ఉందో గుర్తు తెచ్చుకో. పెడల్ మామూలుగానే ఉండి, యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఎగబాకి బండి మాత్రం అందుకోకపోతే ప్లేటు జారుతున్నట్టు. అలా కాక పెడల్ మెత్తబడి, గేరు పడక, బండి చల్లారాక అంతా సర్దుకుంటే, పెడల్ ఒత్తిడిని క్లచ్‌కు చేర్చే ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు చేరాయని ముందుగా అనుమానించాలి. డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. చాలా కార్లలో క్లచ్‌కూ బ్రేకుకూ ఫ్లూయిడ్ డబ్బా ఒక్కటే, అంటే బ్రేకులనూ నమ్మలేం. అందుకే ఈ అనుమానం ఏమాత్రం ఉన్నా ఫ్లూయిడ్ మార్చి, దాని పైపుల్లోని గాలి తీయించకుండా మళ్లీ ట్రాకు ఎక్కకు. ఈ ఒక్క విషయంలో నా మాట జవదాటవద్దు.

జారుడు సంగతి నువ్వు ఫోనులో తీసిన ఆర్‌పీఎం, వేగం రీడింగులే చెబుతాయి. గేరు మారనంతవరకు ఆర్‌పీఎంను వేగంతో భాగిస్తే ఎప్పుడూ ఒకే అంకె రావాలి. నాలుగో గేరులో 100 కిలోమీటర్ల వేగానికి 3000 ఉంటే 120కి 3600 ఉండాలి. 4000 చూపిస్తే ఆ మిగతా 400 ప్లేటు దగ్గర వేడిగా మారుతోంది. అయితే జీపీఎస్ వేగం తీసుకుంటే టైరు గిరగిరా తిరిగినా ఇలాగే కనిపిస్తుంది. కాబట్టి మలుపు దాటుతూ రెండో గేరులో వచ్చిన అంకెలు వదిలేసి, తిన్నని దారిలో పై గేర్లవే చూడు. రోడ్డు మీద పదేపదే పరీక్షించకు, ప్రతి పరీక్షా ప్లేటును కాలుస్తుంది.

జారుతోందని తేలితే కారణం వెతకాలి. ట్రాకు మీద సరిగ్గా గేర్లు మారిస్తే పుట్టే వేడి తక్కువే. ఆగిన చోటి నుంచి ఆర్‌పీఎం పెంచి దూకించడం, ఎడమ కాలు పెడల్ మీదే ఆనించి ఉంచడం అసలు శత్రువులు. కాజీపేట రైల్వే వంతెన మీద ట్రాఫిక్ ఆగితే నువ్వు హ్యాండ్‌బ్రేక్ వేయకుండా అర క్లచ్ మీదే బండిని నిలబెట్టడం చూశాను. ఆ అలవాటు ట్రాకు మీదికీ వస్తుంది. టర్బో ఇంజన్‌కు ట్యూనింగ్ చేయించి టార్క్ (తిప్పే బలం) పెంచావా? అలాగైతే కంపెనీ క్లచ్‌కు ఆ బరువు మించిపోయి ఉండవచ్చు.

చివరికి గేర్‌బాక్స్ దించాల్సే వస్తే దగ్గరే నిలబడు. ఫ్లైవీల్ (క్లచ్ ప్లేటు ఒత్తుకునే ఇంజన్ చక్రం) మీద వేడికి వచ్చే నీలి మచ్చలు, పగుళ్లు ఉన్నాయా, ఇంజన్ ఆయిల్‌ను ఆపే క్రాంక్ సీలు నుంచి ఆయిల్ కారి ప్లేటు తడిసిందా నీ కళ్లతో చూడు. సీలు మార్చకుండా ప్లేటు ఒక్కటే వేస్తే కొత్తదీ జారుతుంది.

రీడింగులు పంపు. ఫ్లూయిడ్ చివరిసారి ఎప్పుడు మార్చారో కూడా రాయి.

మీ మామయ్య