నమ్మకాన్ని సవరించుకోవడం, నవీకరించుకోవడం ఒకటేనా?

ఒకటి కావు: లోకం మారకుండా దాని గురించి మనకు కొత్త సంగతి తెలిస్తే చేసేది సవరణ, లోకమే మారితే చేసేది నవీకరణ. సవరణకు నియమాలను 1985లో అల్చురోన్, గార్డెన్‌ఫోర్స్, మాకిన్సన్ అనే పరిశోధకులు కూర్చారు. నవీకరణకు అవి సరిపోవని 1991లో కత్సునో, మెండెల్జన్ అనే మరో ఇద్దరు పరిశోధకులు చూపారు.

కొండ దిగివచ్చిన చుట్టం తిరుపతిలో మీ ఇంట్లో ఒక సంచి పెట్టాడు. అందులో లడ్డూ గానీ వడ గానీ, ఏదో ఒకటే ఉందని మీకు తెలుసు. మూతి బిగించి ఉంది, పైకి నెయ్యి మరక మాత్రం కనిపిస్తోంది (రెండూ నేతివే, మరకను బట్టి తేల్చలేం). ‘‘ఉన్నది లడ్డూయే’’ అని ఆయన చెబితే వడ లేనట్టే. అలా కాక, మీ అమ్మాయి వచ్చి అందులో ఒక లడ్డూ వేసిందనుకోండి. ఇప్పుడూ సంచిలో లడ్డూ ఉందనే తెలుస్తుంది, కానీ వడ సంగతి తేలదు. సవరణలో కొత్త మాట పాత అవకాశాలను వడకడుతుంది. నవీకరణలో ఒక్కో అవకాశాన్నీ విడివిడిగా మార్చి చూడాలి.

కొత్త విషయం పొసగకపోతే పాత నమ్మకాలన్నీ కొట్టేయాలని చాలామంది అనుకుంటారు. అక్కరలేదు, అడ్డొచ్చినంత మేరకే వదులుకోవాలి.