గోంగూర మాంసం, మటన్ పలావుల క్రిస్మస్ విందుకు కర్ణాటక రెడ్ వైన్ ఏది?

క్రిస్మస్ రాత్రి బెంగళూరులో మీ ఇంట్లో ఎనిమిది మందికి విందు అన్నారు. మటన్ పలావు, గోంగూర మాంసం, కోడి వేపుడు, చివర ప్లమ్ కేకు. వీటికి మన కర్ణాటక తోటల్లో తయారైన రెడ్ వైన్ ఏది తీసుకోవాలని మీ ప్రశ్న. మా ఇంట్లోనూ ఏటా ఇంచుమించు ఇవే వంటలు, తాగేదీ ఇక్కడి వైనే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సీసా కొనే ముందు మీ వంటల్లో కారం ఎంతో చూసుకోండి. ఆల్కహాల్ నోట్లో కారం మంటను పెంచుతుంది. రెడ్ వైన్‌లో ద్రాక్ష తొక్క నుంచి, గింజల నుంచి వచ్చే వగరు ఉంటుంది. కారం తిన్న నోటికి ఆ వగరు ఇంకా గరుకుగా, పచ్చి అరటికాయ కొరికినట్టు తగులుతుంది. కొవ్వున్న మాంసం తింటూ తాగితే అదే వగరు మెత్తబడుతుంది. కాబట్టి మాంసం ఉన్నంత మాత్రాన బాగా చిక్కటి, ఘాటైన వైన్ కావాలనుకోవద్దు. మన వంటలకు వగరు తక్కువగా, పులుపు చురుగ్గా, పండు రుచి స్పష్టంగా ఉన్నవే నప్పుతాయి.

నా మొదటి ఓటు సాంజొవేసే ద్రాక్షతో చేసిన వైన్‌కే. ఇటలీలోని టస్కనీలో కియాంటి వైన్‌కు ఆధారం ఈ ద్రాక్షే. దీనికి సహజంగానే పులుపు ఎక్కువ. గోంగూర లాంటి పుల్లటి కూర పక్కన పులుపు తక్కువున్న వైన్ చప్పగా, జీవం లేనట్టు అనిపిస్తుంది. సాంజొవేసే మాత్రం కూరలోని పులుపుకు దీటుగా నిలబడుతుంది, మాంసం మీది నూనెను నాలుక మీద నుంచి కడిగేస్తుంది. గోంగూర మాంసానికి ఇంతకంటే మంచి జోడీ నాకు ఇంతవరకు దొరకలేదు. హంపి కొండల దగ్గర క్రిస్మా ఎస్టేట్స్ వాళ్లు దీన్ని తయారు చేస్తున్నారు. ఆ తోట పెట్టింది హైదరాబాద్‌కు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు. రాయలసీమకు అంత దగ్గరి నేలలో, తెలుగువాళ్ల చేతుల మీదుగా వచ్చిన వైన్ మన గోంగూర పక్కన చేరడం నాకు నిజంగా సంతోషం. ధర ఎక్కువ అనిపిస్తే, కర్ణాటకదే కావాలన్న పట్టుదల లేకపోతే, మహారాష్ట్రలోని అక్లూజ్ దగ్గర ఫ్రాటెల్లి వాళ్ల సాంజొవేసే చూడండి.

పలావు సంగతి వేరు. అందులో కారం కంటే దాల్చినచెక్క, లవంగం, యాలకుల వాసనే ముందుంటుంది, నెయ్యి, మాంసం కొవ్వు కూడా ఉంటాయి. దీనికి కొంచెం బరువైన వైన్ పెట్టవచ్చు. నంది కొండల దిగువన దొడ్డబళ్లాపురం దగ్గర గ్రోవర్ వాళ్లు చేసే లా రిజర్వ్ అనే రెడ్ వైన్ ఉంది. కాబెర్నే సావిన్యోన్, షిరాజ్ ద్రాక్షల మిశ్రమం అది. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు వైన్ నిపుణుడు మిషెల్ రోలాన్ 1990లలోనే వాళ్లకు సలహాదారుగా వచ్చారు. ఓక్ చెక్క పీపాలో మాగడం వల్ల వచ్చే మసాలా వాసన పలావు వాసనతో చక్కగా కలుస్తుంది. పక్కన పెరుగు పచ్చడి ఉంటే వగరు ఇంకా తగ్గుతుంది.

కోడి వేపుడు మామూలు కారంతోనే చేసేటట్లయితే దాన్ని వైన్‌కు దూరంగా పెట్టండి. అతిథులు రాగానే నిమ్మకాయ సోడాతో వడ్డించేస్తే సరిపోతుంది. ఆ తర్వాత కాస్త విరామం ఇచ్చి భోజనానికి కూర్చోండి. లేదా ఆ ఒక్కరోజు ఎండుకారం తగ్గించి మిరియాలు, కరివేపాకుతో వేయించండి, అప్పుడు షిరాజ్ కలిసిన లా రిజర్వ్‌తో కూడా నడుస్తుంది.

చాలా ఇళ్లలో పట్టించుకోనిది చల్లదనం. రెడ్ వైన్‌ను గది వేడిమిలోనే ఇవ్వాలన్న మాట యూరప్‌లోని చల్లటి ఇళ్లకు సరిపోయేది. డిసెంబరైనా పొయ్యిలన్నీ వెలిగి, జనం నిండిన మన ఇంట్లో వైన్ వెచ్చబడుతుంది, అప్పుడు ఆల్కహాల్ ఘాటే ముందు ముక్కుకు తగులుతుంది. వడ్డించే ముందు అరగంట, ముప్పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి. సాంజొవేసే 15, 16 డిగ్రీల దగ్గర ఉంటే పండు వాసన బాగా తెలుస్తుంది. లా రిజర్వ్ ఇంకో రెండు డిగ్రీలు ఎక్కువున్నా ఫరవాలేదు. కొనేటప్పుడు ఎండ పడే అద్దాల అలమరలో నిలబెట్టిన సీసా తీసుకోవద్దు, లోపలి నుంచి ఇమ్మని అడగండి.

750 మిల్లీలీటర్ల సీసాకు ఐదు గ్లాసులు వస్తాయి. ఎనిమిది మందిలో అందరూ తాగినా రెండు సాంజొవేసే, ఒక లా రిజర్వ్ చాలు. బండి నడపాల్సినవాళ్లకు, పిల్లలకు నల్లద్రాక్ష రసం అదే గ్లాసుల్లో పోయండి, పండుగ పూట ఎవరి చేయీ ఖాళీగా ఉండకూడదు.

కేకు దగ్గరకు వచ్చేసరికి ఈ రెండు వైన్లూ పక్కన పెట్టేయండి. తీపి తిన్నాక తీపి లేని వైన్ పుల్లగా, చేదుగా మారిపోతుంది. ప్లమ్ కేకుకు కేకంత తియ్యగా ఉండే పోర్ట్ తరహా వైనే కావాలి. బెంగళూరు పరిసరాల్లో పండే బెంగళూరు బ్లూ ద్రాక్షతో అలాంటివి చేస్తారు, ఖరీదు కూడా తక్కువే. చిన్న గ్లాసుల్లో, బాగా చల్లగా పోయండి. కేకులో ఎండుద్రాక్షను రమ్‌లో నానబెట్టి ఉంటే మాత్రం మా అమ్మకు లాగే మీ పెద్దవాళ్లకు కూడా అల్లం టీయే నచ్చవచ్చు, అదీ సిద్ధంగా ఉంచండి.