పేనుకొరుకుడు: మందు, గురివింద, సభ

ప్రశ్న: డాక్టరు గారూ, మేం డాలస్‌లో ఉంటాం. మా పాపకు పదమూడేళ్ళు. పేనుకొరుకుడుతో ఏడాదిలో సగానికి పైగా జుట్టు పోయింది. ఇక్కడి డాక్టరు రిట్లెసిటినిబ్ అనే మందు రాశారు. దాని మీద గుండె, రక్తపు గడ్డల హెచ్చరికలు చదివినప్పటి నుంచి టెన్షన్‌తో నిద్ర లేదు. గుంటూరులో మా అత్తగారు గురివింద గింజలు నూరి రాయమంటున్నారు. వేసవిలో అక్కడికే వస్తున్నాం. ఈలోగా ఇక్కడ ఇదే సమస్య ఉన్నవాళ్ళ సభ ఒకటి ఉంది. పాప రానంటోంది. ఏం చేయను?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, గురివింద మాత్రం వద్దు. ఆ గింజలో అబ్రిన్ అనే విషం ఉంది. నూరిన పొడి నోట్లోకి వెళ్తే ప్రాణానికే ముప్పు. నాకు పన్నెండో ఏట ఇదే జబ్బు వస్తే మా అమ్మమ్మ ప్రేమ కొద్దీ వెల్లుల్లి నూరి రుద్దింది. బొబ్బలెక్కి వారం రోజులు దిండు మీద తల ఆనించలేకపోయాను. ఇది పేను కొరికితే వచ్చేది కాదు. మన ఒంటిని కాపాడాల్సిన కణాలే వెంట్రుకల కుదుళ్ళ మీద పడతాయి. అత్తగారికి ఈ సంగతి మీవారి చేత చెప్పించండి.

ఇక మందు. 12 ఏళ్ళు నిండినవారికి అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది. రోజుకు 50 మిల్లీగ్రాములు వాడినవారిలో 24 వారాలకు నూటికి 23 మందికి తలలో 80 శాతం, ఆపైన జుట్టు కనిపించింది. అంటే అందరికీ రాదు, వచ్చినా నెలలు పడుతుంది. మీరు చదివిన గుండె, రక్తపు గడ్డల హెచ్చరికలకు మూలం కీళ్ళవాతం ఉన్న, 50 దాటినవారిలో ఇదే జాతి మరో మందు మీద జరిగిన పరిశోధన. అలాగని వాటిని తేలిగ్గా తీసుకోవద్దు.

ఈ మందు ఒంటి రక్షణ శక్తిని కొంత అణచిపెడుతుంది కాబట్టి, మొదలుపెట్టే ముందు టీబీ, హెపటైటిస్ పరీక్షలు, రక్తకణాల లెక్క తప్పనిసరి. నాలుగు వారాలకు రక్తపరీక్ష మళ్ళీ చేయించాలి. మిగిలిన టీకాలుంటే ముందే వేయించండి. మందు వాడుతుండగా ముక్కులో చల్లే ఫ్లూ టీకా లాంటి సజీవ టీకాలు పనికిరావు. ఇండియా ప్రయాణం సంగతి డాక్టరుకు ఇప్పుడే చెప్పండి, మన దగ్గర టీబీ ఎక్కువ. గుంటూరులో జ్వరం వస్తే ఇంట్లో మాత్ర వేసి ఊరుకోకుండా, మందు సీసా ఫోటో చూపించి వైద్యం చేయించండి.

సభకు తప్పకుండా వెళ్ళండి. అక్కడ చర్మ డాక్టర్లు మాట్లాడే సమయం ఉంటే మీ ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్ళి వాళ్ళనే అడగండి. మందుల కంపెనీ బల్ల దగ్గర విన్నదాన్ని మీ డాక్టరుతో సరిచూసుకోండి. నాలాంటి మరో మనిషిని నేను మొదటిసారి చూసింది ముప్పై నాలుగో ఏట, ఇలాంటి చిన్న సమావేశంలోనే. ఆవిడ ఉక్కగా ఉందని తలమీది చున్నీ తీసి, మడిచి ఒళ్ళో పెట్టుకుని టీ తాగుతోంది. నేను ఇరవై రెండేళ్ళు ఆలస్యంగా చూసిన ఆ దృశ్యం మీ పాపకు ఇప్పుడే కనిపించాలని నా కోరిక. ఒక్క గంట కూర్చుని వచ్చేద్దామని అడగండి. టోపీ తీయమని మాత్రం ఎవరూ, మీరు కూడా, అనకండి.