ట్రాఫిక్ పొగ, హారన్ల మోత గుండెకు నిజంగా చేటు చేస్తాయా?

చేస్తాయి, ఏళ్ల తరబడి ఆ పొగలో, మోతలో బతికితే బీపీ పెరుగుతుంది, గుండెపోటు, పక్షవాతం వచ్చే అవకాశం ఎక్కువవుతుంది.

డీజిల్ పొగలో, టైర్లు, బ్రేకులు అరిగి లేచే దుమ్ములో పీఎం 2.5 కణాలుంటాయి. ఒక్కోటి తల వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు, లేదా అంతకన్నా సన్నం. ముక్కులో చిక్కకుండా ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లి అక్కడ వాపు పుట్టిస్తాయి. ఆ వాపు ప్రభావం రక్తంలోకి పాకుతుంది. మరీ సన్నటి కణాలు కొన్ని నేరుగా రక్తంలో కలుస్తాయి కూడా. రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది, కొవ్వు పేరుకోవడం, రక్తం గడ్డకట్టడం సులువవుతాయి. ఈ కణాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన వార్షిక హద్దు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు. మన దేశంలో అనుమతించింది 40.

మోత దారి వేరు. అమీర్‌పేటలో మెయిన్ రోడ్డుకు ఆనుకున్న ఫ్లాట్లో ఒకరు నిద్రపోతున్నారనుకుందాం. రాత్రి రెండింటికి లారీ హారన్ కొడుతుంది. మెలకువ రాదు, ఒత్తిగిల్లి పడుకుంటారు. కానీ ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్లు విడుదలై గుండె వేగం, బీపీ పైకి లేస్తాయి. నిద్రలో తగ్గాల్సిన బీపీ తగ్గదు.

"మాకు అలవాటైపోయింది" అనేదే పెద్ద అపోహ. అలవాటు పడేది మనసు. గుండె, రక్తనాళాలు పూర్తిగా అలవాటు పడవు. ముక్కుకు కట్టుకునే కర్చీఫ్ కూడా ఈ సన్నటి కణాలను పెద్దగా ఆపదు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు రోడ్డు వైపు గది వదిలి వెనక గదిలో పడుకోవడం, వాకింగ్ పార్కులోనో లోపలి వీధుల్లోనో చేయడం మేలు.