బీపీ చూసుకున్నాక నాడి కూడా పట్టుకో

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

బీపీ 150 దాటుతోందన్న సంగతి ఒక్క వాక్యంలో తేల్చేసి, ఉత్తరం చివర్లో మాత్రం "ఈ మధ్య గుండె ఒక్కోసారి దడదడలాడి దానంతట అదే సర్దుకుంటోంది, పని ఒత్తిడేమో" అని రాశావు. ఆ రెండూ ఒకే కథ కావచ్చని నీకు తట్టినట్టు లేదు. అప్పట్లో నాకూ తట్టలేదులే.

నాకు బీపీ ఉందని తెలిసిన పదేళ్ల తర్వాత ఒకరోజు పొద్దున ఇంట్లో మిషను మొదట 162 చూపించింది, వెంటనే 131, మూడోసారి 148. పాడైపోయిందని దాన్ని తిట్టి అటక మీద పడేశాను. పాపం, దాని తప్పేమీ లేదు. నా గుండె వరస తప్పి కొట్టుకుంటోంది. ఒక్కో దెబ్బకు ఒక్కో బలం, కాబట్టి కొలిచినప్పుడల్లా ఒక్కో అంకె. వారం తర్వాత ఈసీజీలో అసలు సంగతి బయటపడింది. దాని పేరు ఏట్రియల్ ఫిబ్రిలేషన్.

బీపీకీ దానికీ సంబంధం ఏమిటంటావా? బీపీ ఎక్కువగా ఉన్నన్నాళ్లూ గుండెలోని ఎడమ జఠరిక అనే కింది గది రక్తాన్ని మామూలు కన్నా గట్టిగా నెట్టాలి. ఏళ్లు గడిచేసరికి, బరువులెత్తే వాడి కండలాగా దాని గోడ మందమవుతుంది, బిగుసుకుంటుంది. అలా బిగుసుకున్న గదిలోకి రక్తం పంపలేక పైనున్న ఎడమ కర్ణిక అవస్థ పడుతుంది. అది పలచని గోడల గది, సాగిపోతుంది. సాగిన గోడలో మచ్చలాంటి కణజాలం పేరుకుంటుంది. అంతవరకూ ఒక పద్ధతిలో పాకిన విద్యుత్ సంకేతం అక్కడ దారి తప్పి చిందరవందరగా తిరుగుతుంది. ఇక కర్ణిక ముడుచుకోవడం మాని, నిమిషానికి 350 నుంచి 600 సార్లు ఊరికే వణుకుతుంది. ఆ సంకేతాలన్నీ కింది గదికి దిగవు గనుక బతికిపోతాం. నాడి మాత్రం లెక్కాపత్రం లేకుండా కొట్టుకుంటుంది.

అసలు భయం దడ గురించి కాదు. వణికే గదిలో రక్తం నిలిచిపోయి గడ్డకట్టవచ్చు, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నవారికి ఆ ముప్పు దాదాపు ఐదు రెట్లు. చాలామందికి దడ కూడా తెలియదు, అదే దీనితో వచ్చిన చిక్కు.

అందుకని నువ్వు చేయాల్సింది ఇది. పొద్దున మాత్ర వేసుకోకముందు ఒకసారి, రాత్రి ఒకసారి, వారం రోజులు బీపీ చూసుకో. అంతకు అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్టు వద్దు. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చో. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. పట్టీ చొక్కా మీద కాదు, చర్మం మీద చుట్టు. నిమిషం ఎడంతో రెండుసార్లు కొలిచి రెండూ రాసుకో. మంచి అంకె వచ్చేదాకా కొలిచి అదొక్కటే రాసుకునే తెలివి నాకూ ఉండేది, దానివల్ల మోసపోయింది నేనే. ఇంట్లో సగటున 135/85 దాటితే ఎక్కువ ఉన్నట్టే.

తర్వాత నాడి. బొటనవేలి మొదలు కింద, మణికట్టు మీద, మూడు వేళ్లు ఆనించి పూర్తి నిమిషం లెక్కపెట్టు. విశ్రాంతిగా ఉన్నప్పుడు 60 నుంచి 100 ఉండాలి. అంకె కన్నా వరస ముఖ్యం. ఎప్పుడైనా ఒక దెబ్బ తప్పినట్టుంటే అది చాలామందికి ఉండేదే. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఒకసారీ కలవకపోతే మాత్రం అదే రోజు వెళ్లి ఈసీజీ తీయించుకో. నాడి వరస తప్పిందని చూపే గుర్తు మిషను మీద కనిపించినా అంతే. ఆ దడ వచ్చిపోయే రకమైతే ఈసీజీ తీసే వేళకు అంతా సవ్యంగా కనిపిస్తుంది, దాంతో నిశ్చింతగా ఉండిపోకు. 24 గంటలు గానీ అంతకు మించి గానీ ఒంటికి తగిలించుకుంటే గుండె కొట్టుకునే తీరును నమోదు చేసే హోల్టర్ యంత్రం గురించి డాక్టరును అడుగు. ఎకో, అంటే గుండె స్కానింగు, తీస్తే కర్ణిక సాగిందో లేదో కూడా తెలుస్తుంది.

ఒంట్లో బాగుందని బీపీ మాత్రలు ఆపకు. కొన్ని రకాలు హఠాత్తుగా మానితే బీపీ, నాడి రెండూ ఎగసిపడతాయి. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు, ముక్కు దిబ్బడ తగ్గించే మందులు కొన్ని బీపీ పెంచుతాయి, అడగకుండా వేసుకోవద్దు. మద్యం తాగిన మర్నాడు దడ వస్తోందా, గమనించు. నువ్వు గురక పెడతావని మీ ఆవిడ ఎప్పుడో చెప్పింది. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు బీపీకీ ఈ దడకీ రెండింటికీ కారణమవుతుంది, ఆ పరీక్ష కూడా అడుగు. ఒకవేళ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని తేలితే, గడ్డలు కట్టకుండా మందు కావాలా అన్నది డాక్టరు నిర్ణయించాలి. ఆస్పిరిన్ వేసుకుంటున్నానుగా అని సరిపెట్టుకోకు, అది ఆ పని చేయదు.

ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం, మూతి వంకర, మాట తడబాటు, చేయి పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఉత్తరాలూ లెక్కలూ పక్కన పెట్టి నేరుగా ఆసుపత్రికి వెళ్లు.

రేపు పొద్దున మొదలుపెట్టు. వారం అంకెలన్నీ, నాడితో సహా, ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపించి, నకలు నాకు పంపు. కొట్టివేతలు ఉన్నా ఫరవాలేదు.

నీ పెద్దమ్మ