బయాప్సీ స్లైడ్లలో దీవులు, నల్ల చుక్కలు, గదిలో కళ్ల మంట: తప్పు ఎక్కడ జరుగుతోంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఓరల్ పాథాలజీ పీజీ మొదటి ఏడాది. బుగ్గ, అంగిలి బయాప్సీల స్లైడ్లలో ఎపిథీలియం (పైపొర) కింద దీవుల్లా కణాల గుంపులు, నల్లని చుక్కలు, పగుళ్లు కనిపిస్తున్నాయి. మైక్రోటోమ్ (పల్చని పొరలు కోసే యంత్రం) పాడైందా, స్టెయిన్ (రంగు) పాతబడిందా? థీసిస్ కోసం పాత బ్లాకుల (మైనంలో నిలవ చేసిన ముక్కల) మీద కేఐ-67 (విభజన చెందే కణాలను చూపే స్టెయిన్) చేయొచ్చా? గ్రాసింగ్ (ముక్కలను చూసి కోసే) గదిలో కళ్లు మండుతుంటే ఎన్-95 మాస్కు సరిపోతుందా?

ముందు మాస్కు సంగతి, మిగతావి రేపు చూసుకున్నా ఫరవాలేదు కాబట్టి. ఎన్-95 సరిపోదు. అది ధూళినీ తుంపర్లనీ ఆపుతుంది, ముక్కలను ఉంచే ఫార్మలిన్ నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ మాత్రం వాయువు. దాన్ని ఆపడానికి ఫార్మాల్డిహైడ్‌కు పనికొచ్చే కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. అసలు కళ్లు మండే దాకా వచ్చిందంటే మాస్కు గురించి కాదు, గది గురించి ఆలోచించాలి. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా పెట్టిన హద్దు 8 గంటల సగటు మీద 0.75 పీపీఎం, 15 నిమిషాలకు 2 పీపీఎం. ముక్కును నమ్ముకోకండి. కాసేపు గదిలో ఉంటే అది అలవాటు పడిపోతుంది. వాసన తగ్గిందనిపించినా గాలిలో వాయువు అంతే ఉంటుంది. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ ఫార్మాల్డిహైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి గ్రూపులో చేర్చింది.

వాయువు ఎక్కువగా వచ్చేది మూత తీసి వదిలేసిన సీసాల నుంచి, గ్రాసింగ్ బోర్డు మీద నిలిచిన ద్రవం నుంచి, మూతలేని చెత్తడబ్బా నుంచి. స్పెసిమెన్‌ను బోర్డు మీద పెట్టే ముందు కొన్ని నిమిషాలు నీళ్లలో ఉంచి తీస్తే చాలా తేడా ఉంటుంది. గోడకు పైన బిగించిన ఎగ్జాస్ట్ ఫ్యాన్ బోర్డు మీది వాయువును మీ ముఖం ముందు నుంచే పైకి లాగుతుంది. బోర్డు మట్టం నుంచి కిందికో వెనక్కో గాలి లాగే గ్రాసింగ్ స్టేషనే అసలు పరిష్కారం. గ్లౌజులు నైట్రైల్‌వే వాడండి. జైలీన్ (ఆల్కహాల్ తర్వాత ముక్కను ఉంచే ద్రావకం) మాత్రం నైట్రైల్‌లోంచి కూడా త్వరగానే దిగుతుంది, పడిన వెంటనే మార్చేయాలి. ఫార్మలిన్ కంట్లో పడితే 15 నిమిషాలు ఆగకుండా నీళ్లతో కడిగి, అప్పుడు డాక్టరు దగ్గరికి.

ఇక స్లైడ్లు. మైక్రోటోమ్‌నూ స్టెయిన్‌నూ ఆఖరున అనుమానించండి.

ఎపిథీలియం కింద దీవులు కనిపించి, పైన కణాలు మామూలుగానే ఉంటే, చాలావరకు అది ఎంబెడ్డింగ్‌లో (ముక్కను మైనంలో పెట్టడంలో) ముక్క పడుకున్న తీరు. దువ్వెనను నిలువుగా కోస్తే పళ్లన్నీ ఒకే వెన్నుకు అతికి కనిపిస్తాయి. పళ్లకు అడ్డంగా కోస్తే విడివిడి చుక్కలే మిగులుతాయి, వెన్ను ఎక్కడుందో తెలియదు. రీట్ రిడ్జులకూ (ఎపిథీలియం నుంచి కిందికి దిగే పళ్లలాంటి మడతలకూ) అంతే. మొదటి ఏడాదిలో దీన్ని చూసి ఇన్వేజన్ (క్యాన్సర్ లోపలికి చొచ్చుకుపోవడం) అని రాసెయ్యడం మామూలే, ప్రమాదమూ అదే. అలాంటి దీవులు గుండ్రంగా, దాదాపు ఒకే లోతులో ఉంటాయి. అంచున బేసల్ (అట్టడుగు వరుస) కణాలు వరుసగా నిలబడి ఉంటాయి. పీఏఎస్ స్టెయిన్ వేస్తే బేస్‌మెంట్ మెంబ్రేన్ (ఎపిథీలియం అడుగున ఉండే పల్చని పొర) చుట్టూ తెగకుండా కనిపిస్తుంది. నిజమైన ఇన్వేజన్‌లో అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయి, చుట్టూ స్ట్రోమా (ఆధార కణజాలం) కూడా స్పందిస్తుంది. తేలకపోతే వాదనలు పెట్టుకోకుండా బ్లాక్‌ను కరిగించి, ముక్కను 90 డిగ్రీలు తిప్పి మళ్లీ ఎంబెడ్ చేసి, మెట్లు మెట్లుగా సెక్షన్లు తీయండి. దీవి పైపొరకు అతుక్కుంటే సందేహం తీరినట్టే. నాలుక మీది బయాప్సీ అయితే ఇంకో మాట: గ్రాన్యులర్ సెల్ ట్యూమర్ అనే గడ్డ పైన ఎపిథీలియం క్యాన్సర్‌లా కిందికి దిగుతుంది. దీవుల మధ్య రేణువులు నిండిన పెద్ద కణాలున్నాయేమో చూడకుండా రిపోర్టు రాయొద్దు.

ఇది రాకుండా ఉండాలంటే పని రోగి కుర్చీ దగ్గరే మొదలవ్వాలి. బుగ్గ మ్యూకోసా పల్చన. తీసిన వెంటనే ఫార్మలిన్‌లో వేస్తే నూనెలో అప్పడంలా అంచులు ముడుచుకుంటుంది. ముక్కను చిన్న ఫిల్టర్ పేపరు మీద, కోసిన వైపు కిందికి ఉండేలా పరిచి, ఒక నిమిషం ఆగితే అతుక్కుంటుంది. అప్పుడు పేపరుతో సహా సీసాలో వదలండి. గ్రాసింగ్‌లో కోసిన వైపు ఇంకు పూస్తే ఎంబెడ్డింగ్ చేసేవాళ్లకు ఏది పైనో తెలుస్తుంది. పళ్లున్న పట్టకారుతో పట్టి లాగితే కణాలు నలిగి నీలం గీతల్లా సాగుతాయి, ఆ భాగంలో డిస్‌ప్లేసియా (క్యాన్సర్ ముందు మార్పుల) గ్రేడింగ్ అసాధ్యం. దారం ఒక కుట్టు వేసి దాన్ని పట్టుకుని పైకెత్తి కోయడం మేలు. వక్క, గుట్కా వల్ల నోరు తెరుచుకోని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్‌లో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. అక్కడ ఎపిథీలియం అరిగి పల్చబడి ఉంటుంది, ఇరుకులో లాగేసరికి కింది పొర నుంచి ఊడొస్తుంది. స్లైడ్‌లో దాన్ని చూసి బొబ్బల జబ్బు అనుకునేవాళ్లున్నారు. మత్తు సూది పుండులోకే గుచ్చితే కణాల మధ్య నీరు చేరి నకిలీ ఇడీమా (వాపు) కనిపిస్తుంది, చుట్టుపక్కల గుచ్చాలి. పుండు నడిమి చచ్చిన భాగం కాకుండా అంచు, మంచి భాగం కొంచెం, 4–5 మి.మీ. లోతు. కాటరీతో తీసిన చిన్న ముక్క దాదాపు వృథాయే.

ఫిక్సేషన్‌లో (ముక్కను చెడకుండా ఫార్మలిన్‌లో ఉంచడంలో) ఎక్కువమంది తడబడేది పేరు దగ్గర. 10 శాతం ఫార్మలిన్ అంటే 10 శాతం ఫార్మాల్డిహైడ్ కాదు. బజారులో దొరికే 37–40 శాతం ద్రావణం ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు. అంటే అందులో ఫార్మాల్డిహైడ్ 4 శాతం లోపే. లీటరుకు: ఆ ద్రావణం 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 900 మి.లీ., సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరు లేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. పీహెచ్ 7 దగ్గర ఉండాలి. కలపకుండా చిక్కటి ద్రావణంలోనే వేస్తే ముక్క పైన పెళుసుగా గట్టిపడి లోపల పచ్చిగా మిగులుతుంది. ముక్క పరిమాణానికి 10 నుంచి 20 రెట్లు ద్రవం పోయాలి. మొదట్లో గంటకు మిల్లీమీటరు చొప్పున లోపలికి దిగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. చిన్న నోటి బయాప్సీకి 6 నుంచి 24 గంటలు చాలు. క్లినిక్‌లో సీసా లేదని సెలైన్‌లో వేసి సాయంత్రం పంపితే కణాలు అప్పటికే కరగడం మొదలవుతుంది. సర్జికల్ స్పిరిట్‌లో వేస్తే ముడుచుకుని గట్టిపడుతుంది. పెంఫిగస్, పెంఫిగాయిడ్ (బొబ్బల జబ్బులు) అనుమానంతో ఇమ్యునోఫ్లోరెసెన్స్‌కు (మెరిసే రంగుతో యాంటీబాడీలను వెతికే పరీక్షకు) పంపే ముక్క మాత్రం ఫార్మలిన్ చుక్క కూడా తగలకుండా మిషెల్ మీడియం అనే రవాణా ద్రావణంలో వెళ్లాలి. అది బొబ్బ మీద నుంచి కాదు, దాని పక్కనున్న మంచి మ్యూకోసా నుంచి తీసింది కావాలి.

నల్ల చుక్కలకు కారణం తరచుగా బఫర్ (పీహెచ్‌ను నిలిపే ఆ ఫాస్ఫేట్లు) లేకపోవడమే. నిలవ ఉన్న ఫార్మలిన్‌లో ఫార్మిక్ ఆమ్లం పుడుతుంది. పీహెచ్ పడిపోతే అది రక్తంలోని హీమోగ్లోబిన్‌తో కలిసి గోధుమ నలుపు రంగు రేణువులుగా దిగుతుంది. రక్తం ఎక్కువున్న చోటే చిక్కగా, కణాలతో సంబంధం లేకుండా చల్లినట్టు ఉంటుంది. పోలరైజ్డ్ కాంతిలో మెరుస్తుంది. మెలనిన్ మెరవదు, బేసల్ కణాల్లోనో కింద మాక్రోఫేజ్‌లలోనో ఉంటుంది, మాసన్-ఫాంటానా స్టెయిన్ పట్టుకుంటుంది. అమాల్గం టాటూ (పంటిలో నింపిన లోహం కణజాలంలోకి దిగి ఏర్పడిన మచ్చ) అయితే రేణువులు కొల్లాజెన్ పోగుల వెంట, రక్తనాళాల చుట్టూ వరుస కడతాయి.

అంగిలి బయాప్సీలో ఈ తేడా పట్టుకోవడం మన దగ్గర మరీ అవసరం. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు, ముఖ్యంగా ఆడవాళ్లలో ఉంది. కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సర్‌కూ ఈ అలవాటుకూ ఉన్న సంబంధం 1957లోనే అచ్చయింది. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా బృందం 10,169 మంది గ్రామస్థులను పరిశీలించిన వివరాలు ప్రచురించింది. ఆ అంగిళ్లలో తెల్ల మచ్చలు, మెలనిన్ పెరిగిన మచ్చలు, రంగు పోయిన మచ్చలు పక్కపక్కనే ఉంటాయి. పీహెచ్ తప్పిన ఫార్మలిన్ రేణువులు దాని మీద పడితే రెండూ కలిసిపోయి కనిపిస్తాయి. విడదీయడానికి ఒక సెక్షన్‌ను సాచురేటెడ్ ఆల్కహాలిక్ పిక్రిక్ ఆమ్లంలో ఉంచి బాగా కడగండి. ఫార్మలిన్ రేణువులు పోతాయి, మెలనిన్ మిగులుతుంది. పొటాషియం పర్మాంగనేట్ తర్వాత ఆగ్జాలిక్ ఆమ్లం వాడితే మెలనిన్ పోతుంది. ఇక్కడో హెచ్చరిక: ఎండిన పిక్రిక్ ఆమ్లం పేలుడు పదార్థం. సీసాలో ఎప్పుడూ తడి ఉండాలి. అల్మారాలో ఏళ్లుగా మరిచిపోయిన సీసా మూత చుట్టూ పసుపు స్ఫటికాలు కనిపిస్తే తిప్పి చూడొద్దు, కదపొద్దు, భద్రతాధికారికి చెప్పండి.

పగుళ్ల విషయం ప్రాసెసింగ్‌ది, అంటే ముక్కలోంచి నీరు తీసి మైనం నింపే పనిది. పెద్ద స్పెసిమెన్ల షెడ్యూల్‌లోనే 4 మి.మీ. బయాప్సీని కూడా రాత్రంతా తిప్పితే ఆల్కహాల్ దాన్ని పిండేస్తుంది, సెక్షన్ ఎండిన చెరువు నేలలా పగులుతుంది. చిన్నవాటికి 70, 90, 100, మళ్లీ 100 శాతం ఆల్కహాల్, ఒక్కోదానిలో ముప్పావు గంట నుంచి గంట చాలు. జైలీన్‌లోకి వెళ్లగానే పాలలా తెల్లబడితే లోపల నీరు మిగిలిందని అర్థం, వెనక్కి తాజా 100 శాతం ఆల్కహాల్‌లోకి పంపాలి. మైనం కరిగే వేడి కంటే 2–4 డిగ్రీలు ఎక్కువ చాలు. అంతకు మించితే ముక్క ఉడికిపోతుంది. పెళుసైన బ్లాక్‌ను కాస్త ట్రిమ్ చేసి, ముఖం తడి దూదితో ఐస్ మీద 10 నిమిషాలు ఆనిస్తే 4 మైక్రాన్ల రిబ్బన్ చాలాసార్లు వస్తుంది. జైలీన్ ఆవిరి 30 డిగ్రీల అటూ ఇటూ వేడికే అంటుకునే స్థితికి వస్తుంది, మన ఎండాకాలం గది వేడే అంత. ఆ ఆవిరి గాలి కంటే బరువు, బల్ల మీద పాకి స్పిరిట్ దీపం దాకా చేరుతుంది. దీపం, జైలీన్ ఒకే బల్ల మీద ఉండకూడదు.

కేఐ-67 పాత బ్లాకుల మీద చేయొచ్చు, కానీ అవి ఎంతసేపు ఏ ఫార్మలిన్‌లో ఉన్నాయో రిజిస్టర్‌లో చూడండి. 6 నుంచి 72 గంటలు బఫర్డ్‌లో ఉన్నవి తీసుకోండి. నైట్రిక్ ఆమ్లంతో డీకాల్సిఫై చేసిన (సున్నం తీసేసిన) ఎముక ముక్కలు వదిలేయండి. ఈడీటీఏతో చేసినవి నయం. సెక్షన్లు ముందే కోసి నెలల తరబడి పెట్టుకోకండి, స్టెయిన్ చేసే రోజులకు దగ్గరగా పూత పూసిన స్లైడ్ల మీద తీయండి. పక్కనున్న మామూలు ఎపిథీలియంలో పారాబేసల్ (బేసల్‌కు పైన ఉండే) పొర రంగు పట్టకపోతే, ట్యూమర్ నెగెటివ్ అని రాసే హక్కు మీకు లేదు. ఆ స్లైడే చెల్లదు. మిగిలిపోయిన కణజాలమే కదా అని ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా మొదలుపెట్టొద్దు.

ఫ్రోజెన్ సెక్షన్ (గడ్డకట్టించి వెంటనే కోసే పరీక్ష) కోసం వచ్చే పచ్చి ముక్క ప్రతిదాన్నీ హెపటైటిస్ బి, హెచ్ఐవీ, క్షయ ఉన్నట్టే చూడండి. క్రయోస్టాట్‌లో (గడ్డకట్టిన ముక్కను కోసే యంత్రంలో) ఫ్రీజింగ్ స్ప్రే కొడితే తుంపర్లు లేస్తాయి, మానేయండి. హెపటైటిస్ బి టీకా 0, 1, 6 నెలలకు వేయించుకుని, తర్వాత యాంటీబాడీ మి.లీ.కి 10 మిల్లీ అంతర్జాతీయ యూనిట్లు దాటిందో లేదో పరీక్ష చేయించుకోండి. మైక్రోటోమ్‌లో ముందు బ్లాక్ బిగించి తర్వాతే బ్లేడు, తీసేటప్పుడు ముందు బ్లేడు. చక్రం లాక్ చేయకుండా చెయ్యి దగ్గరికి పోనివ్వొద్దు. తెగితే సబ్బు నీళ్లతో కడగండి, పిండకండి. హెచ్ఐవీ మందు అవసరమైతే 2 గంటల్లోపు మొదలవడం మంచిది, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు, కోర్సు 28 రోజులు.

వాడేసిన ఫార్మలిన్‌ను సింక్‌లో పారబోయడం 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలకు విరుద్ధం, విడిగా పోగుచేసి శుద్ధికి పంపాలి. కణజాలం పసుపు సంచిలోకి, బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి, పగిలిన స్లైడ్లు నీలం గుర్తు పెట్టెలోకి. ఫార్మలిన్ ఒలికిన చోట బ్లీచింగ్ ద్రావణం పోసేవాళ్లను చూస్తుంటాం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా. రెండూ వద్దు, పుట్టే వాయువులు ఇంకా చెడ్డవి. కిటికీలు తెరిచి, పీల్చే గుడ్డతో ఎత్తి, మూత ఉన్న డబ్బాలో వేసి, తర్వాత నీళ్లతో తుడవండి. లీటర్లలో ఒలికితే తుడవబోకండి, గది ఖాళీ చేసి తలుపు మూయండి.