ఇంటర్ చదువుతున్న రెండేళ్లూ వయొలిన్ ఆపేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. ఏడేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటోంది. వర్ణాలనే అభ్యాస రచనలు పూర్తిచేసి కృతులు, అంటే కీర్తనలు వాయిస్తోంది. ఉదయం ఏడున్నరకు కాలేజీకి వెళితే సాయంత్రం ఆరున్నరకు గానీ ఇల్లు చేరదు. దొరికే కాస్త సమయంలోనూ మాస్టారు మళ్లీ మొదట్లో నేర్చిన అలంకారాలే (తాళానికి కూర్చిన స్వరాల అభ్యాసాలు) వాయించమంటున్నారని, ఇన్నేళ్ల తర్వాత కూడా సరిగమలేనా అని విసుక్కుంటోంది. ప్రవేశ పరీక్షలు అయ్యేదాకా వయొలిన్ ఆపించడం మంచిదా? ఈ విద్యతో భవిష్యత్తు ఉంటుందా?
- ఒక తల్లి, విజయనగరం

జవాబు: అమ్మా, ఆపించవద్దు. సమయం తక్కువగా ఉన్న ఈ రెండేళ్లలో తగ్గించుకోవలసింది కృతులను, అలంకారాలను కాదు. మీ అమ్మాయికి విసుగు పుట్టిస్తున్న ఆ సరిగమలే ఇప్పుడు ఆమె విద్యను కాపాడతాయి. మాస్టారుగారు చెబుతున్నది అక్షరాలా సరైన మాట.

వీణకు మెట్లు ఉంటాయి, వయొలిన్‌కు ఉండవు. వేలు వెంట్రుకవాసి పక్కకు జరిగినా స్వరం తప్పుతుంది. స్వరస్థానం చెవిలోనూ వేలి కొసలోనూ నిలిచి ఉండాలి తప్ప కంటికి ఆనవాలు ఏమీ దొరకదు. కృతి వాయించేటప్పుడు సాహిత్యం, గమకాలు (స్వరాల ఊపులు), సంగతుల (ఒకే పంక్తిని మార్చి మార్చి పలికించడం) మీద మనసు ఉంటుంది కాబట్టి చిన్న చిన్న అపస్వరాలు వాటి చాటున దాగిపోతాయి. అలంకారంలో అలా దాగడానికి చోటు లేదు. శ్రుతి, అంటే ఆధార స్వరం మోగుతుండగా నెమ్మదిగా వాయిస్తే, రిషభం (రి) కాస్త ఎక్కువైనా ఆ క్షణమే తెలిసిపోతుంది.

మాయామాళవగౌళ రాగాన్నే చూడండి. మన వయొలిన్ తంతులను స, ప, స, ప అని శ్రుతి చేస్తాం కదా. మధ్యస్థాయి షడ్జం (స) వేలు పెట్టని ఖాళీ తంతి మీద పలుకుతుంది. ఆ తంతి మీద రి, గ, మ లకు వేళ్లు ఎక్కడెక్కడ పడతాయో, పక్కనున్న పంచమం (ప) తంతి మీద ద, ని, పైషడ్జాలకూ సరిగ్గా అక్కడే పడతాయి. అంటే సరిగమ శుభ్రంగా పలికించిన చేతికి పదనిస కూడా సగం వచ్చినట్టే. ఇక్కడ రి, గ ల మధ్య దూరం ఎక్కువ, గ, మ ల మధ్య దూరం తక్కువ. ఈ ఎడం, ఈ దగ్గర రెండూ వేళ్లకు అలవాటు కావడానికి ఇంతకంటే మంచి రాగం ఉందని నేను అనుకోను. కల్యాణికి మారినప్పుడు ప్రతిమధ్యమం (హెచ్చు మ) వల్ల ఈ పోలిక చెదిరిపోతుంది, వేళ్లు మళ్లీ కొత్తగా నేర్చుకోవాలి. అందుకే అవే ఏడు అలంకారాలను నెలకొక రాగంలో, అంటే ఒక నెల శంకరాభరణం, తర్వాత ఖరహరప్రియ, ఆ పై నెల కల్యాణి, ఇలా వాయించమని మాస్టారుగారిని అడిగి చూడండి. మీ అమ్మాయి విసుగు చాలావరకు దీనితోనే తగ్గుతుంది.

ఇక సమయం సంగతి. ధ్రువతాళ అలంకారంలో ఆవర్తానికి, అంటే తాళం ఒక చుట్టుకు 14 అక్షరాలు (లెక్కలు). ఆరోహణలో అయిదు ఆవర్తాలు, అవరోహణలో అయిదు, మొత్తం 140 స్వరాలు. సెకనుకు ఒక స్వరం చొప్పున మొదటి కాలం (వేగం) వాయిస్తే 140 సెకన్లు, దానికి రెట్టింపు వేగమైన రెండో కాలానికి 70, మూడో కాలానికి 35. మూడు కాలాలూ కలిపి అయిదు నిమిషాలైనా పట్టదు. పెద్ద అలంకారాలలో ఒకటైన దీని లెక్కే ఇంత. రూపక, ఏక తాళాల అలంకారాలు ఇంకా త్వరగా ముగుస్తాయి. కాలేజీకి బయలుదేరే ముందు పాతిక నిమిషాలు దొరికితే, మొదట మూడు నాలుగు నిమిషాలు కమానును (వాయించే బద్దను) ఈ కొస నుంచి ఆ కొస దాకా నిదానంగా లాగుతూ ఒక్కొక్క స్వరాన్ని నిలపడం, తర్వాత ఆ రోజుకు రెండు అలంకారాలు, మిగిలిన సమయంలో ఒక వర్ణం రెండు కాలాలలో వాయించడం హాయిగా సరిపోతుంది. కృతులు ఆదివారానికి ఉంచండి. పరీక్షల వారంలో పది నిమిషాలకు తగ్గించినా ఫరవాలేదు గానీ, పూర్తిగా మానకూడదు. పదకొండు గంటలు బయట గడిపి వచ్చిన పిల్లను రాత్రి సాధనకు కూర్చోబెట్టవద్దు. అలసిన చెవి తప్పును తప్పుగా గుర్తించదు, అలా వాయించిన తప్పే చేతికి అలవాటవుతుంది. తెల్లవారగానే ఇరుగుపొరుగుకు ఇబ్బంది అనుకుంటే తంతులను మోసే బ్రిడ్జి మీద, నాదాన్ని తగ్గించే మ్యూట్ తగిలించి వాయించవచ్చు.

ఇంత పట్టుగా చెప్పడానికి కారణం ఉంది. మీలాగే ఆలోచించి రెండేళ్లు ఆపించిన ఒక తండ్రి, ఇంజనీరింగ్ సీటు వచ్చాక కొడుకును నా దగ్గరకు తీసుకువచ్చారు. పెట్టె తెరిచేసరికి కమాను వెంట్రుకలు సగం తెగి వేలాడుతున్నాయి, తంతులకు తుప్పు పట్టింది. అవి బజారులో దొరికే వస్తువులు, మార్పించారు. కానీ చెవికి తప్పు తెలుస్తున్నా వేలు దిద్దుకోలేకపోవడం ఆ అబ్బాయి భరించలేకపోయాడు. ఒకప్పుడు బాగా వాయించినవాడు కాబట్టే ఆ బాధ ఎక్కువ. మూడు నెలలు ప్రయత్నించి మానేశాడు. ఆ పెట్టె తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

భవిష్యత్తు గురించి అడిగారు. కచేరీల మీదనే జీవనం సాగించగలిగేవారు కొద్దిమందే ఉంటారు, ఈ మాట దాచడం నాకు ఇష్టం లేదు. అయితే దారులు అంతకంటే ఎక్కువే ఉన్నాయి. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్‌గా ప్రారంభమైన సంగీత కళాశాల మీ ఊళ్లోనే ఉంది. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ వయొలిన్ ఆచార్యులుగా చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. అక్కడ సర్టిఫికెట్, డిప్లొమా కోర్సుల వివరాలు స్వయంగా వెళ్లి కనుక్కోండి. ఆకాశవాణి ఆడిషన్‌లో నెగ్గినవారికి బి, బి హై, ఎ, టాప్ అనే శ్రేణులు ఉన్నాయి. 18 నుంచి 25 ఏళ్ల లోపు కళాకారులకు కేంద్ర సంస్కృతి మంత్రిత్వ శాఖ రెండేళ్ల ఉపకారవేతనం ఇస్తుంది, మీ అమ్మాయి ఆ వయసుకు ఎంతో దూరంలో లేదు. సంగీతంలో పీజీ చేసి, అధ్యాపక అర్హత పరీక్ష అయిన నెట్ రాస్తే అధ్యాపక వృత్తి ఉంది. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఉన్న తెలుగు పిల్లలకు ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో పాఠం చెబుతున్న గురువులు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. వారు ఆ పిల్లలకు మొదట చెప్పేది సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలే. ఇంజనీరింగా, సంగీతమా అన్న నిర్ణయం ఇప్పుడే తీసుకోనక్కరలేదు. పాతిక నిమిషాల సాధన సాగుతూ ఉంటే రెండేళ్ల తర్వాత ఆ నిర్ణయం మీ అమ్మాయి చేతిలోనే ఉంటుంది.

ఈ వారం మాస్టారుగారిని కలిసి, ఏ నెలలో ఏ రాగమో ఆయన చేతనే ఒక కాగితం మీద రాయించుకోండి. రాత్రి పడుకునే ముందు వయొలిన్ పెట్టెను, చాపను, శ్రుతి పెట్టెను ఒకచోట సిద్ధంగా ఉంచితే పొద్దున వెతుకులాటలో పోయే అయిదు నిమిషాలు మిగులుతాయి. శ్రుతి మాత్రం రాత్రి చేసి ఉంచితే చాలదు, పొద్దున కూర్చోగానే మళ్లీ సరిచూసుకోవాలి.